ఫ్లాస్కు ముసుగు

ఆదివారం పొద్దున నీలి తొట్టి వెనక, వరిగడ్డి కుప్ప కింద ఒక డబ్బా దొరికింది. దాన్ని చూసి వీరభద్రం కేక పెట్టాడు, అందరూ చేరారు. డబ్బాలో ఉన్నది హైడ్రోసు. కొత్తవాడ అద్దకం షెడ్లలో వాడే తెల్లపొడి. తగిరిస మొక్క గింజలు ఉడికించిన నీళ్ళూ, సున్నపు తేటా, బెల్లమూ పోసి రోజుల తరబడి పులియబెడితే గానీ లేచి గుడ్డకు రంగు పట్టించని నీలిమందును, ఆ పొడి గుప్పెడు వేస్తే చాలు, మాట్లాడుతుండగానే లేపేస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో దాని పేరు విన్నవాడు లేడు. అందుకే పాతకాలం మండలి వారి వాడలో అది దొరకడమంటే దేవుడి గూట్లో కోడి ఎముక దొరకడమే.

ఈ మండలిని ఇంకా ఎరగని అదృష్టవంతుల కోసం నాలుగు ముక్కలు. వారమంతా హనుమకొండలో పంట్లాములు వేసుకుని బతికే పెద్దమనుషులు కొందరు ఆదివారం పొద్దున్నే ఖిలా వరంగల్లు చేరుకుంటారు. మట్టికోట పక్కన ప్రహరీ కట్టించి 'వాడ' అని పిలుచుకునే పెరట్లో ధోవతులు చుట్టుకుని, అంగరఖాలు తొడుక్కుని, పొద్దుగూకేదాకా రెండువందల ఏళ్ళ కిందటి మనుషుల్లా బతుకుతారు. బ్యాంకు మేనేజరు రాట్నం తిప్పుతాడు. ఆయన వడికిన నూలుతో ఇంతవరకు ఒక చేతిరుమాలైనా తయారు కాలేదు. చరిత్ర లెక్చరరు వీరభద్రం రెల్లు కలంతో ఫర్మానాలు రాస్తాడు. కలం చెక్కడం మాత్రం రాదు, చెక్కినవి బజార్లో కొనుక్కొస్తాడు. పత్తి ఏరడానికి ఆ దారిన పోయే ఆడవాళ్ళు గేటు దగ్గర ఆగి చూస్తారు. "మనం రోజూ చేసే పనేనే, వీళ్ళు బట్టలు మార్చుకొని చేస్తాన్రు" అని ఒకామె అంటే, మిగతావాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నడిచారట.

వీళ్ళందరికీ అధ్యక్షుడు రాజేశ్వర్ రావు గారు, మాజీ తహసీల్దారు. ఆయనకు రాట్నం రాదు, కలం రాదు, చెకుముకి రాయి కొట్టి నిప్పు చేయడం రాదు. "ఆ కాలంల పని చేయనోళ్ళు గూడ ఉండేటోళ్ళు గదా! ఆ వేషం నాది" అని తనకు తానే జాగీర్దారు పదవి ఇచ్చుకున్నాడు. బాలీసు మీద ఆనుకుని, చేతిలో హుక్కా గొట్టం పట్టుకుని, మండలి పుట్టిన నాటి నుంచి ఆ పదవిని ఎంతో శ్రద్ధగా నిర్వహిస్తున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నది ఇలాంటి వారిని చూసే పుట్టి ఉంటుంది. ఇంట్లో ఆయన గ్లాసు కూడా ఆయనే కడుక్కోవాలని హనుమకొండ అంతా ఎరుగును.

ఇక శకుంతల. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. వాడలో నిజంగా పని చేసే మనిషి ఎవరంటే ఈమె పేరు చెప్పాలి, ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు, తెలిసినట్టు మిగతావాళ్ళకు తెలియజేయడం కూడా మరవదు. మెడదాకా భూమిలో పాతిన ఆ నీలి తొట్టి ఆమెది. ఆరేళ్ళుగా దాన్ని చావనివ్వలేదు. తినిపించాల్సింది తినిపిస్తూ, చలికి గడ్డి కప్పుతూ, పసిబిడ్డను పెంచినట్టు పెంచింది. నీలిలో ముంచిన గుడ్డ ఆకుపచ్చగా బయటికొచ్చి, గాలి తగిలి, చూస్తుండగా నీలమవుతుంటే ఆమె మొహంలో కనబడే ఆనందం మొగుడు కూడా ఎన్నడూ చూసి ఉండడు. అంత ఆనందం ఎరిగిన మనిషి నోరు మాత్రం కాకరకాయ.

మండలి నిబంధన రాసింది కూడా ఆమే. పద్దెనిమిది వందల సంవత్సరం తర్వాత పుట్టిన వస్తువు గేటు దాటి రాకూడదు. కళ్ళద్దాల పెట్టె, షుగరు మాత్రలు, అలాంటి తప్పనిసరి వస్తువులైతే గుడ్డ ముసుగు తొడిగి తేవాలి, బయటివాళ్ళ కంటపడకూడదు. అగ్గిపెట్టె, రసాయనాలు, సిమెంటు ముసుగేసినా కుదరదు. తెచ్చినవాళ్ళకూ దాచినవాళ్ళకూ వెలి. వాళ్ళు చేసిన పని వాళ్ళ కళ్ళముందే పాడుచేసి మరీ గేటు బయటికి పంపుతారు. కారణాలు అడగరు.

పోయినేడు వానాకాలంలో ఫకీర్ మహమ్మద్‌కు అదే జరిగింది. చౌరస్తాలో మిషను దుకాణం ఉన్న దర్జీ, వాడకు వస్తే మాత్రం సూదీదారంతో చేతికుట్టే కుట్టేవాడు. కళ్ళద్దాలకూ మాత్రల డబ్బాలకూ ముసుగులన్నీ ఆయన కుట్టినవే. ముసురులో చెకుముకి దూది తడిసిపోతే, పొయ్యి ఆరిపోతుందని జేబులోంచి అగ్గిపెట్టె తీసి గీశాడు. శకుంతల చూసింది. "అగ్గిపుల్ల గీసేటోళ్ళకు ఇక్కడేం పని? ఇంటికాడ గ్యాసు పొయ్యి లేదా?" అని అందరి ముందూ అడిగి, ఆయన సగం కుట్టిన అంగరఖా కుట్లు ఆయన ముందే విప్పించింది. ఆయన కూతురు సాబిరా, మిల్స్ కాలనీ బడిలో టీచరు, అప్పటికే శకుంతల దగ్గర అద్దకం నేర్చుకుంటోంది. తండ్రి వెళ్ళిపోయాక కూడా ఆమె మానలేదు. ఎందుకు మానలేదో ఎవరూ అడగలేదు, ముఖ్యంగా శకుంతల.

అలాంటి శకుంతల తొట్టి వెనకే ఇప్పుడు డబ్బా దొరికింది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారన్న సామెత మండలి సభ్యులందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. గుర్తొచ్చి హాయిగా కూడా అనిపించింది. మధ్యాహ్నం జొన్న అంబలి తాగడం ముగిశాక (ఆ అంబలిని వాళ్ళు మందు మింగినట్టు మింగుతారు) చాప పరిచి పంచాయతీ పెట్టారు.

రాజేశ్వర్ రావు బాలీసు సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"శకుంతలమ్మా, నాకు చాన బాధైతాంది."

"బాధైతున్నట్టు లేదు సార్" అంది శకుంతల. పరకాలలో అక్క కూతురి పెళ్ళికి పోయి నిన్ననే తిరిగొచ్చింది. అక్కడ పట్టుకున్న పడిశం ఇంకా వదల్లేదు. ముక్కు తుడుచుకుంటూ చాప చివర నిలబడే ఉంది. పక్కన సాబిరా తలవంచుకుని కూర్చుంది.

"రూలు మీరు రాసిందే. నేనేం కొత్తగ చెప్తలేను. నిన్న మీరొచ్చి తొట్టిల గుడ్డ ముంచుతుంటే, మేళా ముచ్చటకు కూడిన మేమందరం చూసినం. ఇంత చలిల, గిట్ల ముంచంగనే గట్ల పచ్చగైంది. ఎన్నడన్న అయిందా? వీరభద్రం, నువ్వు చెప్పు."

వీరభద్రం చెప్పడానికే పుట్టినవాడు. "ఎన్నడూ కాలేదు మేడమ్. డిసెంబర్ల మీ తొట్టి జర మందంగనే ఉంటది. నిన్న మాత్రం మస్తు హుషారుగున్నది. చరిత్రల ఇట్లాంటివి..."

"చరిత్ర ఆడ పెట్టు" అంది శకుంతల. "నా తొట్టికి నా చెయ్యి ఎరుకే. ఆరేండ్ల తొట్టి అది. చలికి ముడుచుకునే రోజులు పోయినయి. సాబిరా నాలుగు రోజులు మంచిగ చూసుకున్నది. మీరు రాట్నం చూసుకున్నట్టు చూసుకోలే."

బ్యాంకు మేనేజరు నొచ్చుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతకూ జాగీర్దారు గారి బాధ దేనికో కూడా చెప్పుకుందాం. వచ్చే నెల ఢిల్లీలో మేళా. చూసి ఎంపిక చేయడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు అధికారులు వచ్చి వెళ్ళారు. నీలి తొట్టి పద్ధతి కావాలన్నారు, అద్దే మనిషి రావాలన్నారు. రాజేశ్వర్ రావు జరీ తలపాగా సవరించుకుని "మరి జాగీర్దారు?" అని అడిగితే, వాళ్ళలో ఒకాయన అమాయకంగా "జాగీర్దారుతో మాకేం పని లేదండీ" అన్నాడు. ఆ మాట అన్ననాటి నుంచి ఆయనకు అంబలి కూడా దిగడం లేదు. మనిషికి ఏ పనీ రాకపోవడం ఒక బాధ. ఆ సంగతి పై ఊరివాడు వచ్చి నలుగురిలో చెప్పి పోవడం ఇంకా పెద్ద బాధ.

"మాటలు వద్దు" అన్నాడాయన. "డబ్బా ముందల ఉన్నది. రూలు గూడ ముందలే ఉన్నది. తొట్టి కాలువల పారబోసుడే. మీరు గేటు దాటుడే. ఢిల్లీ సంగతి తర్వాత మండలి చూసుకుంటది."

సాబిరా ఒక్కసారి తలెత్తి మళ్ళీ దించుకుంది. శకుంతల మొహంలో రంగు మారింది. తొట్టి పారబోయడం అన్న మాట ఆమె చెవిలో ఇంతకు ముందెప్పుడూ పడలేదు. అంతవరకూ పని పాడుచేయడమన్నది ఇతరులకు మాత్రమే చెప్పే మాట. ఆరేళ్ళు, ప్రతి ఆదివారమే కాదు, కాలేజీ అయ్యాక సైకిలు రిక్షా ఎక్కి వచ్చి చూసుకున్న ఆరేళ్ళు కాలువలోకి పోతాయని అప్పుడు ఆమెకు అర్థమైంది. భయమేసింది. భయమేస్తే కొందరు ఏడుస్తారు, శకుంతల వెక్కిరిస్తుంది.

"డబ్బా ఇటివ్వుండ్రి. నేనింకా సరిగ చూడనే లేదు."

వీరభద్రం అందించాడు. డబ్బా మీద గుడ్డ ముసుగు ఉంది. మందపాటి ఖద్దరు, పైన నాడా. నాడా వదులు చేసి వీరభద్రం పొద్దున తొంగి చూశాడు, మళ్ళీ బిగించాడు. శకుంతల ముసుగుతో సహా దాన్ని చేతిలో తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ నవ్వింది.

"సార్, దొంగతనంగ నామీద నింద వేయాలంటే డబ్బా ఎట్ల పెట్టాలె? ఉత్తగ పెట్టాలె. హైడ్రోసు అని మీద రాసి ఉంటది, అందరికి కనిపిస్తది, పని అయిపోతది. గడ్డిల దాచిపెట్టేదానికి మల్ల ముసుగెందుకు?"

"నేను చెప్తా. అలవాటు! కొత్తకాలం వస్తువు పట్టుకొని గేటు దాటుతాంటే మనోళ్ళకు చెయ్యి ఆగదు. ముసుగేయాలె. దొంగ పని చేస్తున్నమని గూడ యాది ఉండదు. బయటి దొంగ అయితే ఉత్త డబ్బా తెస్తుండె. ఇది మన వాడోళ్ళ పనే. అందుల గూడ జర నియమం గల్ల మనిషి."

చాప మీద నవ్వులు మొదలయ్యాయి. వీరభద్రం కూడా నవ్వబోయి, అధ్యక్షుడి వైపు చూసి మానుకున్నాడు.

"ముసుగు నీదే కావచ్చు" అన్నాడు రాజేశ్వర్ రావు. 'మీరు' పోయి 'నీ' వచ్చిందని ఆయన గమనించలేదు.

"నాది కళ్ళద్దాల పెట్టె ముసుగొక్కటే. ఇంత పెద్ద ముసుగు నాకు లేదు. ఇది ఫకీర్ మహమ్మద్ కుట్టు. కింద చూడుండ్రి, గుండ్రంగ అడుగు వేసి కుట్టిండు. డబ్బాకేమో ఇది పొడుగెక్కువైంది, పైన చేరెడు గుడ్డ మడతలు పడ్డది. సన్నగ, పొడుగ్గ, గుండ్రటి అడుగుతోని ఉండే వస్తువుకు కుట్టిన ముసుగు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రాజేశ్వర్ రావు చెయ్యి బాలీసు వెనక్కు పోయింది. ఆ చేతి వెంబడే అందరి కళ్ళూ పోయాయి. బాలీసు వెనక ఆయన టీ ఫ్లాస్కు ఉంది. డాక్టరు చెప్పాడని, అంబలి పడదని, ప్రతి వారం ముసుగులో తెచ్చుకుని గోడవైపు తిరిగి తాగే ఫ్లాస్కు. ఇవాళ దానికి ముసుగు లేదు. ఎర్రటి ప్లాస్టిక్కు ఒంటి మీద గులాబీ పువ్వులతో, రెండువందల ఏళ్ళ కిందటి ఎండలో, సిగ్గులేకుండా మెరుస్తోంది.

మొదట నవ్వింది బ్యాంకు మేనేజరు. తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

రాజేశ్వర్ రావు తలపాగా తీసి తొడ మీద పెట్టుకున్నాడు. తలపాగా లేకపోతే ఆయన మామూలు పింఛనుదారు.

"ముసుగు పొద్దున ఎక్కడనో పడిపోయింది" అన్నాడు.

"పడి, నడిచిపోయి, డబ్బాకు తొడుక్కున్నది?" శకుంతల నాడా విప్పి డబ్బా బయటికి లాగింది. మూత చుట్టూ అతికించిన కాగితం పట్టీని వేలితో చూపించింది. "ఇగో, ఇది గూడ చూడుండ్రి. పట్టీ చినగలే. కొన్నది కొన్నట్టే ఉన్నది. డబ్బా తెరవకుంట నా తొట్టిల పొడి ఎట్ల పడ్డదో జాగీర్దార్ సాబ్ చెప్పాలె. అబద్ధం ఆడనీకి గూడ పని తెలిసి ఉండాలె సార్. అద్దకపోళ్ళు మూత తీసి, సగం పొడి పారబోసి పెడుతుండిరి. మీరు నిండు డబ్బా పెట్టిండ్రు. ఈ వాడల మీరు చేసిన మొదటి పని ఇదొక్కటే, అది గూడ సక్కగ రాలే."

ఇంత మాట అనవలసింది కాదు. ఆయన కన్నతల్లి ఉంటే ఆమె కూడా నవ్వేది, అది వేరే సంగతి. అయినా ముసలివాణ్ణి కింద పడేశాక తన్నడం ఎందుకు? గెలుపు రుచి మరిగిన నోరు ఆగదు. ఆ నోటికి ఆ రోజు పండగ.

"తెచ్చినోళ్ళకు వెలి, దాచినోళ్ళకు వెలి" అంది. "లేవుండ్రి. కారణం మేమడగం."

రాజేశ్వర్ రావు లేచాడు. మోకాళ్ళు పట్టేస్తే వీరభద్రం చెయ్యందించబోయి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఆ చెయ్యి తన జేబులో పెట్టుకున్నాడు. అంగరఖాకు జేబు ఉండకూడదని చరిత్ర లెక్చరరుకు అప్పుడూ గుర్తు రాలేదు.

అంతటితో ఊరుకుంటే ఈ కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. శకుంతల ఊరుకోలేదు.

"ఆగుండ్రి. పోయేముందు నా తొట్టి చూసి పోవాలె. రేపు హనుమకొండల అనుమానం చల్లుకుంట తిరగొద్దు. అందరు రాండ్రి. మూత తీస్తా, వాసన చూడుండ్రి. హైడ్రోసు వాసన గంధకం తీరుంటది, ఎవలకైన తెలుస్తది. నాకు పడిశం పట్టింది, నా ముక్కు పనిచేస్తలేదు. మీ ముక్కులతోని మీరే చూడుండ్రి. పులిసిన వాసన తప్ప ఇంకోటి వస్తే, ఈ తొట్టి నా చేతులతోని నేనే కాలువల పోస్తా. పోసి గేటు దాటుతా. మల్ల ఈ వాడ మొహం చూడను."

జనం లేచి తొట్టి వైపు కదిలారు. శకుంతల అందరికంటే ముందు నడిచింది. మూత మీది గడ్డీ గోనెసంచులూ లాగి పక్కన పడేసింది. చెక్క మూత మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద ఇంకొక చెయ్యి పడింది.

సాబిరా చెయ్యి. మూతను కిందికి నొక్కి పట్టింది.

"తీయకక్కా."

"ఎందుకే?"

"తీయకు. దండం పెడ్తా."

శకుంతల ఆమె మొహంలోకి చూసింది. జనం ఇంకా నాలుగు బారల దూరంలో నవ్వుకుంటూ వస్తున్నారు. సాబిరా పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది.

"నువ్వు పరకాల పోయినంక చలి ఎక్కువైందక్కా. తొట్టి చల్లబడ్డది. బెల్లం పోసిన, గింజల నీళ్ళు పోసిన, గడ్డి కప్పిన. బడికి సెలవు పెట్టి ఈడనే కూసున్న. లేవలే. చచ్చిపోయిందక్కా."

"చచ్చిపోవుడేంది? నిన్న నేనే ముంచిన గదా! పచ్చగ..."

అంటూనే ఆగిపోయింది. ఇంత చలిలో, ముంచగానే, అంత పచ్చగా. కెమిస్ట్రీ చెప్పే మనిషికి ఒక్క క్షణంలో తెలియాల్సిన సంగతి. తన తొట్టి గొప్ప అనుకుంది గానీ, తొట్టికి ఏమైందని అనుకోలేదు.

"కొత్తవాడల తెచ్చిన, పొట్లం" అంది సాబిరా. "తెచ్చి పోసిన."

"నాతోని ఎందుకు చెప్పలే?"

సాబిరా అప్పుడు తల ఎత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ, చూపు మాత్రం తిన్నగా ఉంది.

"ఏమని చెప్పాలక్కా? మా అబ్బా గూడ ఒక కారణం చెప్పవోయిండు. విన్నరా?"

శకుంతల కళ్ళు మళ్ళీ మూత మీదికి దిగాయి. మూత తీస్తే తొట్టి పోతుంది, తనూ పోతుంది, అందరి ముందూ అన్న మాట అలాగే ఉంది. తీయకపోతే నిజం దాచినట్టు. దాచినవాళ్ళకు వెలి అని రాసింది ఎవరో ఆమెకు చెప్పనక్కర్లేదు. సాబిరా పేరు చెబితే తను గట్టెక్కవచ్చు. తండ్రిని పంపిన గేటులోంచే కూతుర్నీ పంపవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు మొదటిసారి తనమీద తనకే అసహ్యం వేసింది.

జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. నవ్వులు సన్నగిల్లాయి. మూత మీద రెండు చేతులు, ఒకదానిమీద ఒకటి, అలాగే ఉన్నాయి.

వెళ్ళిపోతున్న రాజేశ్వర్ రావు గేటు దగ్గర ఆగాడు. ముప్పై ఏళ్ళు తహసీలు కచేరీలో కూర్చున్న మనిషి ఆయన. పని రాకపోవచ్చు, ఎదుటి మొహంలో భయం ఎక్కడుంటుందో మాత్రం వెతకడం వచ్చు. వెనక్కి తిరిగి, తలపాగా చంకలో పెట్టుకుని, మెల్లగా నడిచి వచ్చాడు. శకుంతలను చూశాడు. సాబిరాను చూశాడు. మళ్ళీ ఆ రెండు చేతులను చూశాడు. తన డబ్బా అబద్ధమైనా, తొట్టిలో ఏదో నిజం ఉందని ఆయనకు అర్థమైంది.

మండలి పుట్టిన నాటి నుంచి ఏ పనికీ వంగని జాగీర్దారు గారు, అంగరఖా చేతులు మోచేతుల దాకా పైకి మడిచి, తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"జరుగుండ్రమ్మా ఇద్దరు" అన్నాడు. "మూత నేను తీస్త."